ఉప్పుగదిలో కూర్మయ్య బావ

మూడో నంబరు ఉప్పుగది మొదటిసారి నోరు విప్పినప్పుడు మా క్యాంటీన్ ఉప్మాను తిట్టింది. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది నేను, వాళ్ళు కాదు.

నా పేరు నీలాచలం. గుల్లవానిపేట గ్యాస్ నిల్వ కేంద్రంలో ముప్పయ్యేళ్ళుగా పరికరాల మెకానిక్‌ని. గేజీలు, మీటర్లు, తీగలు, ఇవే నా సంసారం. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాకపోలేదు, వచ్చిన ప్రతిదానికీ ఏదో ఒక వంక పెట్టాను. మా అప్ప దాలమ్మ నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె భర్త, మా కూర్మయ్య బావ, పోయి ఇరవైనాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఆమెకి నేను, నాకు ఆమె.

మా ఊరి కింద కిలోమీటరు లోతున మందపాటి ఉప్పు పొర ఉంది. కంపెనీవాళ్ళు దాన్లోకి రంధ్రం వేసి, మూడేళ్ళపాటు నీళ్ళు పంపి, కరిగిన ఉప్పునంతా పైకి తోడేశారు. కరిగిన చోట మిగిలిన ఖాళీయే ఉప్పుగది. మా ఊరి వీధులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా అందులో పట్టేస్తాయి. దాన్లోకి గ్యాస్ ఎక్కించి దాస్తారు. ఉప్పు గోడ గ్యాస్‌ని బయటికి పోనివ్వదు. ఆ నీళ్ళు పంపే రోజుల్లో మా బావ ఎవరు దొరికితే వాళ్ళతో ఒకటే మాట అనేవాడు.

"మనం నీళ్ళారబెట్టి ఉప్పు తీసీవోళ్ళం. ఈళ్ళేట్రా, నీళ్ళోసి ఉప్పు పోగొడతన్నారు?"

అలాంటి గదులు మూడు ఉన్నాయి. మొదటి రెండింట్లోకి గ్యాస్ ఏటా వస్తుంది, పోతుంది. మూడోది గడ్డు రోజులకని దాచినది. ముప్పయ్యేళ్ళలో దాని ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోవడమేగాని ఒక్కసారి కూడా దించలేదు. అరవై బార్ల దగ్గర మొదలై నూట ఎనభైకి వచ్చింది. ఇప్పుడు గ్యాస్‌కి కాలం చెల్లింది. మూడో గదిని ఖాళీచేసి హైడ్రోజన్ నింపమని ఆర్డరు వచ్చింది.

ఖాళీ చేస్తుంటే గోడలు పగులుతాయేమోనని అందరికీ భయం. ఉప్పు చూడ్డానికి రాయిలా ఉంటుందిగాని రాయి కాదు. మీద బరువుంటే చపాతీ పిండిలా నెమ్మదిగా కదులుతుంది. ఆ కదిలే చప్పుడు వినడానికి నేనొక పరికరం తయారుచేశాను. వేలెడంత గొట్టం, అందులో పల్చటి రేకు, దానికి కిలోమీటరు తీగ. మా దగ్గర పనిచేసే సహస్ర దానికి ఉప్పుచెవి అని పేరు పెట్టింది. సహస్ర కడప పిల్ల, భూగర్భశాస్త్రం చదివింది. నన్ను సార్ అంటూనే నా తప్పులు పట్టుకోవడం ఆమెకి సరదా.

మొదటివారం ఉప్పుచెవిలోంచి ఏవో పిచ్చి కూతలు వచ్చాయి. రేకు పాడైందనుకుని పైకి లాగి తుడిచాను, మార్చాను, నన్ను నేను తిట్టుకున్నాను. మళ్ళీ అవే కూతలు.

"ఇది గోడ చిట్లే చప్పుడు కాదు సార్," అంది సహస్ర. "మధ్యలో ఊపిరి తీసుకునేదానికి ఆగినట్టుంది."

"ఉప్పుకి ఊపిరేంటమ్మా?"

"అదే నాకూ అర్థం కాలేదు. రికార్డైన ఒక ముక్కని చివరినుంచి మొదటికి తిరగేసి వేసి చూద్దాం, ఉండండి."

తిరగేసి వేసింది. ముందు దగ్గు వినిపించింది. ఆ తరవాత, నిరుడు రిటైరైన కాపలాదారు గురువులు గొంతు, పక్కన నిలబడి మాట్లాడినట్టు. "ఇది ఉప్మావేటి? దీంతో ఈ గొట్టం నోరు మూసేస్తే గ్యాస్ కాదు, గాలి కూడా రాదు."

గురువులు పదేళ్ళు మూడో గది గొట్టం దగ్గర కాపలా ఉద్యోగి. నేనూ సహస్రా మొహమొహాలు చూసుకున్నాం. ఆ పిల్ల క్యాంటీన్‌కి పరుగెత్తి ఒక సోడా సీసా తెచ్చింది. మూత కొంచెం తిప్పగానే బుడగలు లేచాయి. ఇంకొంచెం తిప్పితే ఇంకొన్ని.

"చూడండి సార్. ఉప్పు గోడ మీద ఎప్పుడూ సన్నటి తడి ఉంటుంది. మనం ఒత్తిడి పెంచే కొద్దీ గ్యాస్ బుడగలు ఆ తడిలో దూరి ఉండిపోయాయి, మీద ఉప్పు పేరుకుంది. పైన ఎవరన్నా గొట్టం చుట్టూ ఉన్న ఇనపపలక మీద నిలబడి మాట్లాడితే గొట్టం అదిరింది, లోపలి గ్యాస్ అదిరింది, ఆ అదురుతోనే ఆ రోజు బుడగలు గడ్డకట్టాయి. ఇప్పుడు ఒత్తిడి తగ్గిస్తున్నాం. ఆఖరున దూరినవి ముందు పగులుతున్నాయి."

"అంటే వెనకనించి ముందుకి."

"అవును సార్. నిరుటివి ముందు, ముప్పయ్యేళ్ళవి ఆఖరున. కానీ ఒకసారి పగిలితే అంతే. మనం పట్టుకుంటేనే మిగిలేది."

ఆ గొట్టం దగ్గర మొదటి ఆరేళ్ళూ కాపలా ఉన్నది మా కూర్మయ్య బావ.

ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. మా ఉప్పుమళ్ళవాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కంచంలో ముందు చిటికెడు ఉప్పు వేసి, ఆ తరవాతే అన్నం పెడతారు. పని వదిలేసి ఇన్నేళ్ళయినా అప్ప మానలేదు. ఉప్పు వేసింది, అన్నం పెట్టింది. నేను నోరు పట్టుకోలేక గురువులు సంగతి చెప్పేశాను. గరిటె అలాగే ఆగిపోయింది.

"మీ బావ గొంతు కూడా ఉంటాదేటి?"

ఉంటుందన్నాను. ఆ మొహం చూశాక ఉండదని ఎలా అనను?

బావ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఫోన్ ఎదురుగా పెడితే పారిపోయే మనిషి. వాళ్ళ పెళ్ళి వీడియోలో బ్యాండుమేళం తప్ప ఏమీ వినబడదు. అప్పకి మిగిలింది గోడమీద ఒక ఫోటో. సాయంత్రం దీపం పెట్టి, రోజూ దాన్ని తిడుతుంది. "బూట్లేసుకోమంటే ఇన్నావా? అడక్కుండా ముట్టుకోవద్దన్నారు, ఇన్నావా? నీ తొందరకి నన్నిలాగ వొగ్గేసి పోనావు." ఇరవైనాలుగేళ్ళు ఇదే హారతి. నేను పక్కగదిలో కూర్చుని వినేవాణ్ణి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు.

ఇరవైనాలుగేళ్ళ కిందటి వైశాఖం అది. గేజీకి వెళ్ళే సన్నగొట్టంలో ఉప్పు గట్టిపడుతుంది. వారానికోసారి మంచినీళ్ళు పంపి కడగాలి, కడగడం నా పని. ఎండ మాడ్చేస్తోందని రెండు వారాలు కడగలేదు. కడిగినట్టు రిజిస్టర్లో టిక్కు మాత్రం పెట్టాను. గొట్టం పూడుకుపోయి గేజీ ముల్లు కదలకుండా నిలబడిపోయింది. లోపల మాత్రం గొట్టం అతుకు దగ్గర ఒత్తిడి పెరుగుతూ ఉంది. మా బావ దాన్ని కనిపెట్టాడు. చక్రం తిప్పి గొట్టం మూసేశాడు. మూసేసరికే అతుకు ఎగిరి వచ్చి ఆయన గుండెకి తగిలింది. గ్యాస్ బయటికి పొంగలేదు, నిప్పు అంటుకోలేదు, కేంద్రంలో ఉన్న నలభైమందిమీ బతికాం. ఎంక్వయిరీవాళ్ళు వచ్చి, బూట్లు లేకుండా, కంట్రోల్ రూముకి చెప్పకుండా, చక్రం ముట్టుకున్నాడని రాశారు. తప్పంతా ఆయన మీద పడింది. డ్యూటీలో పోయినవాళ్ళ పేర్ల పలక గేటు దగ్గర ఉంది, అందులో ఆయన పేరు ఎక్కలేదు.

చెప్పకుండా కాదు. చెప్పాడు. నాకే చెప్పాడు. కంట్రోల్ రూములో ఆ పూట వాకీటాకీ పట్టుకుని కూర్చున్నది నేను. ఎంక్వయిరీలో మాత్రం ఏమీ రాలేదని చెప్పాను. భయపడ్డాను. తరవాత అప్పకి చెబుదామనుకుంటూ ఒక రోజు వాయిదా వేశాను. ఆ ఒక రోజు ఇరవైనాలుగేళ్ళయింది.

ఇప్పుడు ఉప్పు వెనకనించి ముందుకి మాట్లాడుతోంది. అంటే బావ గొంతులో ముందుగా వచ్చేది ఆ ఆఖరి రోజే. ఆ రోజు దాటితేగాని ఆయన నవ్వులూ కబుర్లూ ఉన్న ఆరేళ్ళు రావు. లెక్కగట్టి చూశాను, ఎనభైనాలుగు బార్ల దగ్గర నా అబద్ధం బయటపడుతుంది.

సహస్ర మేనేజరుతో పోట్లాడి రోజుకి అర బారు చొప్పున మాత్రమే దించడానికి ఒప్పించింది. "ఒకేసారి నాలుగు బార్లు దించామంటే కింది పొరలన్నీ ఒక్కసారే చిట్లిపోతాయి. రొద తప్ప ఏం మిగలదు," అని నాకూ గట్టిగా చెప్పింది. పట్టిన చప్పుడంతా నేరుగా ఆమె కంప్యూటర్లోకి పోతుంది. అక్కడ నా చెయ్యి పడదు. నా చేతిలో ఉన్నది గ్యాస్ వదిలే చక్రం ఒక్కటే.

ఎనభైఅయిదు దాటాక వస్తే చాలు అప్పా అని నేను చెప్పాను. వింటేనా. మొదటిరోజునుంచి క్యారేజీ పట్టుకుని వచ్చేది. గొట్టం పక్కనే ఉన్న మా గదిలో బల్లమీద కూర్చుని గురువులు దగ్గులూ, అతని ముందు పనిచేసినవాళ్ళ కబుర్లూ అన్నీ వినేది. ఒకడు రోజూ పెళ్ళాంతో ఫోన్లో దెబ్బలాడేవాడు. ఇంకొకడు ఎవరూ లేరనుకుని గొంతెత్తి పాడేవాడు. అప్ప పడీపడీ నవ్వేది.

"ఈడికి సిగ్గు లేదే సహస్రా. ఉప్పు కూడా సెవులు మూసుకోనుంటాది."

మధ్యాహ్నాలు సహస్రకి అన్నం పెడుతూ ఉప్పుమళ్ళ కబుర్లు చెప్పేది. ఇప్పుడు పైపులున్న చోటంతా అప్పుడు మళ్ళే. సముద్రపు నీళ్ళు కాలవల్లో వచ్చి ఒక మడినుంచి ఇంకో మడికి మారేవి, మారినకొద్దీ చిక్కబడేవి. మాఘం దాటిందంటే ఊరంతా అక్కడే. తెల్లారకముందే వెళ్ళి, ఎండ ముదరకముందే ఉప్పు లాగి గట్టుమీద పోసి, వాన సూచన కనబడితే తాటాకులు కప్పేవాళ్ళం. చద్దన్నంలోకి మామిడికాయ ముక్క ఉంటే చాలు. ఉప్పు వేసుకోనక్కర్లేదు, చేతికున్నదే సరిపోయేది. చెబుతున్నది అప్పే అయినా నాకూ ఆ అన్నం రుచి నోట్లోకి వచ్చేది.

"మడి పండిందో లేదో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?" అని అడిగింది సహస్ర.

"సెప్పులిప్పి పాదం ఎట్టాల. కింద ఉప్పు పలుకుతాది. ఇయ్యాల తీయాలా రేపు తీయాలా అన్నాది పాదానికి తెలుస్తాది. మా ఆయన పాదం ఎప్పుడూ తప్పలేదమ్మా. ఇక్కడికొచ్చినాక కూడా అదే అలవాటు. బూట్లిప్పేసి ఇనపపలక మీద పాదమెట్టీవోడు. ఆ అలవాటే ఆయన్ని మింగేసింది."

నేను లేచి బయటికి పోయాను. ఏదో పనున్నట్టు.

బావ ఉప్పు కొలిచే మనిషి. తట్టలు లెక్కపెట్టేటప్పుడు మావాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. మళ్ళు కంపెనీకి పోయాక ఆ లెక్కని ఆయన గొట్టం దగ్గరికి తెచ్చుకున్నాడు. చక్రం ఎన్నిసార్లు తిప్పినా మొదటి చుట్టు లాభమే. ఇంజనీర్లు నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నడివయసు దాటాక ఆ లెక్క ఇంకొక్కసారి వినబడితే చాలనిపించేది, వినబడకపోతే బాగుండుననీ అనిపించేది.

ఎనభైఆరు బార్ల రోజు వచ్చింది. పొద్దున్న తొమ్మిదిన్నర. సహస్ర ఇంకా రాలేదు. అప్ప దారిలో ఉండుంటుంది. చక్రం ముందు నిలబడ్డాను. నాలుగు చుట్లు చాలు. చేయి జారిందంటే ఎవరు కాదంటారు? ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క పొరపాటు. ఉప్పు నోరు శాశ్వతంగా మూతబడుతుంది. అప్ప నాతోనే ఉంటుంది. ఎప్పటిలాగే ఫోటోని తిడుతూ ఉంటుంది.

తిప్పాను. ఒక చుట్టు తిరిగింది. స్పీకర్లో ఇసక జారినట్టు రొద మొదలైంది. ఆ రొదలో ఎవరివో పాతిక ముప్పై రోజుల మాటలన్నీ కలిసిపోయి చచ్చిపోతున్నాయి. అతుకు ఎగిరింది నా బద్ధకం వల్ల. ఇప్పుడీ చేత్తో ఆయన్ని రెండోసారి చంపుతున్నాను. చక్రాన్ని వెనక్కి తిప్పి, పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

క్యారేజీతో వచ్చిన అప్ప నా మొహం చూసింది. "ఏట్రా, జ్వరమేటి?" అని నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏం లేదప్పా," అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. అంత పిరికివాణ్ణి.

ఇంకో నాలుగు రోజులకి ఎనభైనాలుగు. సహస్ర ఒక్కో ముక్కనీ తిరగేసి వేస్తోంది. ముందు ఎవరివో బూట్ల చప్పుళ్ళు. ఎంక్వయిరీవాళ్ళు ఇనపపలక మీద నిలబడి అడిగిన ప్రశ్నలు. వాళ్ళలో ఒకాయన, "ఆ రోజు మీకేమైనా మెసేజ్ వచ్చిందా?" అన్నాడు. ఆ తరవాత నా గొంతు. ముప్పయ్యేళ్ళవాడి గొంతు, తడబాటు లేకుండా ఉంది. "లేదు సార్. ఏమీ రాలేదు."

అప్ప తల ఆడించింది. "అవును, అలాగే సెప్పినావు గదా," అంది నా వైపు చూసి, నన్ను ఓదారుస్తున్నట్టు.

సహస్ర ఇంకో ముక్క వేసింది. గాలి చప్పుడు. ఇనపపలక మీద ఎవరో పాదం ఆనించిన మెత్తటి చప్పుడు. అప్ప బల్లమీద ముందుకి వంగింది.

"ఒరే నీలాచలం, ఇనబడతందా? నీ గేజీ అబద్దం సెప్తన్నాది. గొట్టం ఒణుకుతన్నాది. బేగి పైనుంచి ఆపించు."

అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాకీటాకీలో నా గొంతు, నవ్వుతూ. "బావా, అది ఉప్పుమడి కాదు, పాదమెట్టి సెప్పీడానికి. గేజీ కదల్లేదు. ముందు కాళ్ళకి బూట్లు తొడుక్కో."

"నవ్వులాట కాదురా. నాను సెప్పినానని రాసుకో. ఆగితే అందరం పోతాం, నాను మూసేస్తన్నాను. రాసుకున్నావా?"

చక్రం కిర్రుమంది.

"లాభం. రెండు. మూడు."

పన్నెండు చుట్లు. ప్రతి చుట్టూ వినబడింది. ఎనిమిది దాటాక రొప్పుతున్నాడు. పన్నెండు అన్నాక, "అయిపోనాది," అన్నాడు. ఆ తరవాతది రాకముందే సహస్ర ఆపేసింది. ఆ పిల్ల ఏడుస్తోంది.

అప్ప ఏడవలేదు. లేచి క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించింది. "రేపు ఎన్నింటికమ్మా?" అని సహస్రని అడిగింది.

"పదింటికి పెద్దమ్మా."

నా వైపు చూడలేదు. ఆమె వెళ్ళాక సహస్ర కళ్ళు తుడుచుకుని నాతో ఒకటే మాట అంది. "నేను ఎవరికీ చెప్పను సార్. రికార్డు మాత్రం చెరపను."

ఆ సాయంత్రం అప్ప దీపం పెట్టింది. నేను గుమ్మం అవతల నిలబడ్డాను. తిట్లు రాలేదు. కొంగుతో ఫోటో అద్దం తుడిచింది, తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. "ఇరవైనాలుగేళ్ళు నిన్నెన్ని మాటలన్నాను. ఒక్క రోజు మానకుండా అన్నాను. నువ్వు సెప్పే పోనావు. అడిగే పోనావు." ఆమె గొంతు అలా విరగడం నేను ఆ ముందెప్పుడూ వినలేదు, బావ పోయిన రోజు కూడా.

"అప్పా," అన్నాను.

వెనక్కి తిరగలేదు. వంటింట్లోకి వెళ్ళి నా కంచం పెట్టింది. అన్నం పెట్టింది, పులుసు పోసింది. ఉప్పు వెయ్యలేదు. పులుసులో సరిపడా ఉంది, వంటకి ఏ లోటూ లేదు. కంచంలో ముందు పడాల్సిన ఆ చిటికెడే పడలేదు. నేను అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

నలభైఎనిమిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నలభైఎనిమిది రోజులూ పదింటికి వచ్చి సహస్ర పక్కన కూర్చుంది. ఉప్పు బావని తిరిగి ఇస్తూనే ఉంది. బావ వానని తిట్టాడు. కాకిని పేరు పెట్టి పిలిచి చద్దన్నం పెట్టాడు. ఊళ్ళో ఎవరింట్లోనో పెళ్ళికి అప్పకి గాజులు కొనాలని, ఏ రంగైతే బాగుంటుందని గొట్టాన్ని అడిగాడు. "ఆకుపచ్చవే తెచ్చినావు," అంది అప్ప చిన్నగా, తన చేతులు చూసుకుంటూ. ఒకరోజు ఆయన పళ్ళెం మీద దరువేస్తూ, ఉప్పు లాగేటప్పుడు పాడుకునే పదం అందుకున్నాడు. అప్ప లోగొంతుకతో కలిపింది. సహస్ర పని ఆపి వింది. నేను గది బయట మెట్టుమీద కూర్చుని విన్నాను. నాకు లోపలికి వెళ్ళే హక్కు లేదనిపించింది.

ఆ రోజుల్లో నా గొంతు కూడా వస్తుండేది. మధ్యాహ్నాలు నేను బావ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవాళ్ళం. నా నల్లకళ్ళద్దాలు చూసి "ఎండకి పెట్టుకున్నావా, అప్పులోళ్ళకి కనబడకుండానా?" అనేవాడు. మా నవ్వులు ఉప్పులోంచి వస్తుంటే ఆ కుర్రాడెవరో నాకే కొత్తగా అనిపించేవాడు.

అరవై బార్లు. ఆఖరి పొర. మూడో గది మొదలైన రోజు.

ఆ రోజు అప్ప మెట్టు దగ్గర ఆగి, నా వైపు చూడకుండానే, "లోనకి రా," అంది.

వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. సహస్ర ముక్క తిరగేసి వేసింది. చాలామంది మాటలు, కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. ఎవరో పెద్ద ఇంజనీరు, "ముందు చక్రం ఎవరు తిప్పుతారు?" అన్నాడు. బావ దగ్గాడు. "నాను తిప్పుతానండి. లాభం."

"ఒకటి అనాలి బావా," నా గొంతు. "అందరూ నవ్వుతన్నారు."

"నవ్వనీరా. మొదటి కొలత మంచిమాటతో మొదలెట్టాల." కాసేపు నవ్వులు. తరవాత ఆయనే మళ్ళీ, ఎవరితోనో, నన్ను ముందుకి తోస్తున్నట్టు. "అయ్యా, ఈడు నా బావమరిది. మీటర్ల పని నేర్సుకున్నాడు. కొంచెం బద్దకం ఉన్నాదిగాని తమరు నమ్మొచ్చు. మా వోడు అబద్దం ఆడడు."

ఆ తరవాత ఉత్త గాలి. దానికి ముందు ఉప్పుకి ఏమీ తెలియదు.

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. యాభైనాలుగేళ్ళ మనిషిని, ఒక చిన్నపిల్ల ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. అప్ప లేచి నా దగ్గరికి వచ్చింది. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఎదురుగా నిలబడి, నలభైఎనిమిది రోజుల తరవాత నా కళ్ళలోకి చూసింది.

"ఇన్నావా?"

"ఇన్నానప్పా."

"అందరిముందూ సెప్పినాడు. ఆ మాట ఉత్తిది సెయ్యకు."

ఆ పూటే కాగితం తీసుకుని కూర్చున్నాను. గొట్టం కడగకపోవడం, దొంగ టిక్కు, వాకీటాకీ, ఎంక్వయిరీ, అన్నీ రాశాను. సహస్ర రికార్డు కూడా జతచేశాను. మేనేజరు రెండుసార్లు చదివి, "ఇన్నేళ్ళ తరవాత ఎందుకండీ?" అన్నాడు. ఇంకెన్నేళ్ళు కావాలండీ అన్నాను. మళ్ళీ ఎంక్వయిరీ పెట్టారు. రిటైరవ్వాల్సిన తేదీకన్నా ముందే నన్ను ఇంటికి పంపాలని తేల్చారు. గేటు దగ్గర పలకమీద పెయింటరు నిచ్చెన వేసుకుని బావ పేరు రాస్తుంటే అప్ప ఎండలో నిలబడి ఆఖరి అక్షరం దాకా చూసింది. ఊళ్ళో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ళది తప్పు కాదు.

హైడ్రోజన్ ఎక్కించే రోజే నా ఉద్యోగానికి ఆఖరి రోజు.

"ఉప్పు దీన్ని కూడా పట్టుకుంటుందామ్మా?" అని సహస్రని అడిగాను.

"తెలీదు సార్. ఈ గ్యాస్ వేరు. పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు."

సరే, దాని ఇష్టం. బూట్లు విప్పాను. మేజోళ్ళు విప్పాను. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆ ఇనపపలక మీద నా పాదాలు పెట్టాను. పొద్దుటి ఎండకి వెచ్చగా ఉంది. కాసేపటికి కింద సన్నగా ఏదో పలుకుతున్నట్టు తెలిసింది. అప్ప నా పక్కన నిలబడింది, తనూ చెప్పులు విడిచింది.

"నా పేరు నీలాచలం," అన్నాను గొట్టంవైపు వంగి. "గేజీ గొట్టం నేను కడగలేదు. మా కూర్మయ్య బావ ఆ రోజు నాకు చెప్పాడు. రాసుకోమన్నాడు. నేను రాసుకోలేదు. ఆయన తప్పేమీ లేదు. తప్పు నాది."

ఈ కొత్త గ్యాస్‌లో అందరికన్నా ముందు పడిన మాట ఇది. అందుకని అందరికన్నా చివరికి వస్తుంది. అప్పటికి నేనుండను, అప్పా ఉండదు. ఎవరో ఒకరు వింటారు.

చక్రం మీద చెయ్యి వేసి అప్ప వైపు చూశాను. ఆమె తల ఊపింది.

"లాభం," అన్నాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. అప్ప కంచం తెచ్చి నా ముందు పెట్టింది. ఉప్పుడబ్బా మూత తీసి, చిటికెడు తీసుకుని, కంచంలో వేసింది.

"తిను," అంది, అన్నం పెడుతూ.